రాకుమారి నోట ‘నువ్వు’

నేను డబ్బింగ్ థియేటర్ తలుపు దగ్గర మనిషిని. లోపల రికార్డింగ్ నడుస్తుంటే ఎర్ర లైటు వేసి, ఎవరినీ రానివ్వకుండా చూడటం నా పని. నోరు విప్పకూడని ఉద్యోగం. నాకు సరిపోయింది.

ఆ రోజు మైకు ముందు నిలబడ్డది నా మనవరాలు, కూతురి కూతురు. పరాయి భాష బొమ్మల సినిమా. అందులో రాకుమారికి మన భాషలో గొంతివ్వాలి. అప్పటిదాకా మా పిల్లకి గుంపులో అరుపులు, పసిపిల్లల ఏడుపులు తప్ప ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఈ వేషం నిలిస్తే నిలిచినట్టు, పోతే మళ్ళీ గుంపులోకే. డైరెక్టరుగారు దయతలచి నన్ను అద్దానికి ఇవతల, మిషన్ల గదిలో నిలబడనిచ్చారు.

పొద్దుటి పని బాగానే సాగింది. రాకుమారి నవ్వాలి, నిట్టూర్చాలి, పావురంతో ఊసులాడాలి, తోటలో రాకుమారుణ్ణి మీరు, తమరు అనాలి. అన్నీ తేనె పూసినట్టు చెప్పింది. తెరమీద బొమ్మ కూడా అలాగే ఉంది. చిటికెన వేలంత నడుము, ముఖంలో సగం కళ్ళే.

తర్వాత రాకుమారిని బంధించిన కోట సీను వచ్చింది. కిటికీ ఊచలు రాకుమారే కోసింది. దుప్పట్లు చింపి తాడు పేనింది. చేతులు గీరుకుపోతున్నా పట్టుకుని కిందికి దిగింది. అప్పటికి రాకుమారుడు తాపీగా గుర్రం దిగుతున్నాడు. కాగితంలో ఆమె మాట ఇది: “వచ్చారా? మీ కోసమే ఎదురుచూస్తున్నాను.”

మనవరాలు, “వచ్చావా? నీ కోసమే చూస్తున్నా,” అంది.

పొరపాటనుకుని డైరెక్టరుగారు మళ్ళీ చెప్పించారు. మళ్ళీ అదే వచ్చింది. ఆ తర్వాత ‘వచ్చా’ దాకా వచ్చి ఆగిపోయింది. రాకుమారుడికి గొంతిచ్చే ఆయన పక్క మైకు దగ్గరున్నాడు. బానపొట్ట మనిషి. అందరూ హీరో బాబాయి అంటారు. నవ్వాపుకోలేక దగ్గాడు.

“ఏమ్మా, నోరు తిరగట్లేదా?” అన్నారు డైరెక్టరుగారు.

“నాకు తిరుగుతోంది సార్. బొమ్మకే తిరగట్లేదు.”

ఇదే వేషం కోసం ఇంకో అమ్మాయి బయట బెంచీమీద కూర్చుని ఉంది. ఆ సంగతి దీనికీ తెలుసు.

రాకుమారి అన్నాక మర్యాదగా మాట్లాడాలని ఆయన నచ్చజెప్పారు.

“మరి రాకుమారుడు ఆమెని నువ్వు అంటున్నాడు కదా సార్. ఆయనకి మర్యాద అక్కర్లేదా?”

డైరెక్టరుగారు హీరో బాబాయి వైపు తిరిగి, అయితే నువ్వూ మీరు అని చూడవయ్యా అన్నారు, ఎకసెక్కంగానే. ఆయన గొంతు సవరించుకుని, “భయపడకండి, మీకు నేనున్నాను,” అన్నాడు. తెరమీద ఆ పిల్ల అరచేతుల నెత్తురు పావడాకి తుడుచుకుంటోంది.

“భయపడుతున్నదెవరండీ, గుర్రమా?” అన్నాడు మిషన్లు చూసే ఆయన.

నవ్వులు తగ్గాక డైరెక్టరుగారు లైట్లు తీయించారు. ఒక్కసారి నీ ఇష్టమొచ్చినట్టు చెప్పు, నచ్చకపోతే బయటి అమ్మాయిని పిలుస్తానన్నారు.

చీకట్లో బొమ్మ కిందికి దిగింది. తలెత్తింది.

“వచ్చావా?”

గట్టిగా అనలేదు. పొగరుగానూ అనలేదు. పక్కింటివాణ్ణి పలకరించినట్టు అంది. అంతే, ఆ రంగుల బొమ్మకి ఎముకలొచ్చాయి. అంతసేపూ ఊరికే పెద్దవిగా ఉన్న కళ్ళు ఇప్పుడు చూస్తున్నాయి. మా ఇంటావిడ బతికినన్నాళ్ళూ నన్ను మీరు అనే అంది. నన్ను పిలవడానికి ఇంకో మాట ఉందనీ, ఒక్క మాట మారితే మనిషే మారిపోతుందనీ, ఇన్నేళ్ళు మాటల గది వాకిట్లో కూర్చున్నా నాకు తట్టలేదు.

ఎవరూ నవ్వలేదు. హీరో బాబాయి తన వంతు మర్చిపోయి తెరకేసి చూస్తుండిపోయాడు. “ఇలా అడిగితే నేను సంజాయిషీ చెప్పుకోవాలండీ,” అని గొణిగాడు.

డైరెక్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ఇక్కడ నువ్వు, తోటలో మీరు అంటే అతకదు. పొద్దుట చెప్పిందంతా తీసేయాలి. మొదటి సీను నుంచి మళ్ళీ. గొంతు ఆగుతుందా?”

“ఆగుతుంది సార్.”

నేను బయటికొచ్చి, ఈ పూటకి పని లేదమ్మా అని బెంచీమీది అమ్మాయికి చెప్పాను. ఎర్ర లైటు వేశాను. రోజూ స్టూలుమీద కూర్చునేవాణ్ణి. ఆ పూట కూర్చోబుద్ధి కాలేదు. వాళ్ళు ముగించేదాకా నిలబడే ఉన్నాను.