కప్పు మీది కాగితం

పదిహేడో కప్పు తుడిచి, పిడి బయటికి వచ్చేలా అరలో పెట్టాడు యర్రయ్య. సింగపూర్ చాంగీ బిజినెస్ పార్క్‌లోని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్యాంట్రీలో ఇవాళ ఆయనకు ఆఖరి రోజు. రాత్రి ఎనిమిదింటికి విమానం. అరవై రెండేళ్ల మనిషికి పొద్దుటి నుంచి కాలు ఒక్కచోట నిలిస్తే ఒట్టు!

ఈ రెండువేల సంవత్సరంలో వారానికి నలుగురైదుగురు కుర్రాళ్లు ఇండియా నుంచి దిగుతున్నారు. వాళ్ల కప్పులకు యర్రయ్య ‘మలిహిని’ అని రాసిన కాగితం అంటిస్తాడు. కొత్తగా వచ్చినవాళ్లని అర్థం. ఏడాది నిలిస్తే అది పీకేసి ‘కమాఐనా’ అంటిస్తాడు. అంటే ఈ నేల బిడ్డ. వయసులో ఉండగా తంజోంగ్ పగార్ రేవులో మూటలు మోస్తుంటే, ఒక హవాయి నావికుడు నేర్పిన మాటలవి. పరాయివాడికి ‘హావొలే’ అని ఇంకో మాటా చెప్పాడు. తాగే కప్పు మీద పరాయివాడని ఎవరైనా రాస్తారా? యర్రయ్య దాని జోలికే పోలేదు.

ఆయన కప్పు మీద మాత్రం మొదటినుంచీ ‘కమాఐనా’యే. పుట్టింది ఇక్కడే మరి. కళింగపట్నం దగ్గరి పల్లె నుంచి తాత ఓడెక్కి వచ్చాక, మళ్లీ అటు వెళ్లినవాళ్లు ఆ ఇంట్లో లేరు. ఇప్పుడు తను వెళ్తున్నాడు. తనవాళ్లంటూ అక్కడ ఎవరైనా మిగిలారా? ఈ ఆఫీసులోనే పనిచేసే శ్రీకాకుళం పిల్ల నందిత, కనుక్కురమ్మని వాళ్ల నాన్నను ఆ పల్లెకు పంపింది. కబురు ఇవాళ ఈమెయిల్లో రావాలి. రాకపోతే, తాత ఊళ్లో దారి తప్పిన కొత్తవాడిలా నిలబడాలి. ఎందుకైనా మంచిదని, వెళ్లేముందు తన కప్పుకు అంటించడానికి ఒక ‘మలిహిని’ కాగితం జేబులో పెట్టుకున్నాడు.

“మకాన్ ఆయిందా నందితమ్మా?” అన్నాడు మధ్యాహ్నం. అడగాలనుకున్నది భోజనం సంగతి కాదని ఇద్దరికీ తెలుసు.

“ఇంకా రాలేదు అంకుల్. నెట్ సెంటర్లో కరెంట్ పోయిందేమో.”

మూడుంబావుకు నందిత ప్రింటవుట్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“అంకుల్, వచ్చేసింది! కోటేశ్వరి గారని, మీ తాతగారి అన్న మనవరాలట. డెబ్బై ఏళ్లు. ‘సింగపూర్ నుంచి కొత్తాయన వస్తున్నారు’ అన్నారట నాన్న. ఆవిడ కస్సుమన్నారట. ‘కొత్తోడేటి? ఆడు నా తమ్ముడు! ఇన్నాళ్లూ ఎక్కడ తిరిగాడో అడుగు. చేపల పులుసు తింటాడో లేదో కూడా కనుక్కో’ అన్నారట!”

యర్రయ్యకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

“తింటానని రాసేయ్ లా!” అన్నాడు తన సింగపూర్ యాసలో. “ రెండు పూటలా తింటానని రాయి!”

అయిదింటికి బంక సీసా నందిత చేతిలో పెట్టి, “కొత్తోళ్లొస్తే ఇక నువ్వే అంటించాలమ్మా” అన్నాడు. పెట్టె ఎత్తుకుని, వెనక్కి చూడకుండా హుషారుగా లిఫ్టు ఎక్కాడు.

నందిత ప్యాంట్రీలోకి వచ్చి దీపం ఆర్పబోతూ ఆగింది. అరలో ఆయన కప్పు ఉంది. పైన ‘కమాఐనా’ అలాగే ఉంది. లోపల, బంక అంటని ‘మలిహిని’ కాగితం రెండు మడతలుగా పడి ఉంది.