ఇనుప గాజు తిప్పిన డ్రోన్

తప్పు మీది, శిక్షణ కేంద్రం బాబులూ! ఏడుగురు ఆడవాళ్ళ పేర్ల పక్కన "చేతుల్లో నిలకడ లేదు" అని రాశారు. బెంగాల్‌లో, ఈ హుగ్లీ మట్టిలో అంగుళం తేడా రాకుండా బంగాళాదుంప విత్తనం పెట్టే చేతులవి. వాటికా నిలకడ లేనిది?

ఎనిమిదో పేరు లతికా మాలిక్‌ది. ఆమె కూడా తప్పితే, పొలాలకు మందు కొట్టే పెద్ద డ్రోన్ ఈ ఊరి ఆడవాళ్ళ సంఘానికి దక్కక పక్క ఊరి సంఘానికి పోతుంది. పరీక్ష చిన్న డ్రోన్‌తోనే. ముందు దాన్ని చేత్తో పట్టుకుని అన్ని వైపులా తిప్పి దిక్సూచిని సరిచెయ్యాలి. తర్వాత సున్నపు గీత లోపల రెండు నిమిషాలు గాల్లో కదలకుండా నిలపాలి.

లతిక తిప్పింది, ఎగరేసింది. డ్రోన్ కాసేపు బుద్ధిగా నిలబడి, ఆపైన గానుగెద్దులా చుట్లు మొదలెట్టింది. చుట్టు పెద్దదై పెద్దదై, అత్తగారు శైలబాల ఎండబెట్టిన వడియాల మీదికి పోయింది. ఆ గాలికి పచ్చి వడియాలు లేచి పరీక్షాధికారి నిర్మాల్య బాబు జుట్టుకి అతుక్కున్నాయి.

"బౌమా! ఓ కోడలా! పప్పు నానబెట్టింది ఈయన నెత్తికి పెట్టడానికా?" అని అరిచింది శైలబాల.

బాబు జుట్టు దులుపుకుని డ్రోన్‌ని తానే తిప్పి ఎగరేశాడు. మేకు కొట్టినట్టు నిలిచింది. "యంత్రం బానే ఉంది. లోపం మీలోనే," అన్నాడు.

లతిక అతని చేతులు చూసింది. బోసి చేతులు. తన ఎడమ చేతికి శంఖం గాజు, ఎర్ర గాజు, పెళ్ళినాటి ఇనుప గాజు. ఫోన్‌లో దిక్సూచి తెరిచి చెయ్యి దగ్గర పెట్టింది. ముల్లు గిర్రున తిరిగింది.

"ఇదీ సంగతి! తిప్పినంతసేపూ గాజు పక్కనే ఉంది. పిచ్చిమొహంది, దాన్నీ లెక్కలో కలిపేసుకుని ఉత్తరం ఎటో తప్పు నేర్చుకుంది. పైకెళ్ళాక గాజు ఎక్కడుంది? ఆ తప్పుడు లెక్కతోనే తిరుగుతోంది."

"ఇనుము దూరంగా పెట్టాలని పుస్తకంలో ఉంది మరి," అని బాబు నసిగాడు. "ఇంగ్లీషులో. గాజు తీసెయ్యండి, సరిపోతుంది."

"మొగుడు బతికుండగా తీస్తుందా? నీ నోట్లో మట్టి పడ!" అంది శైలబాల.

గట్టు మీద మరమరాలు నములుతున్న లతిక మొగుడు పరాణ్ నవ్వాడు. "గాజు తీస్తే నేను చావనే అమ్మా. నీ వడియాలు తినే చావలేదు."

అందరి వెనకా క్షాంతమణి నిలబడి ఉంది, ఊరందరికీ మాసి, అంటే పిన్ని. విధవ, చేతులకు ఏమీ లేవు. పొద్దున డ్రోన్‌కి బొట్టు పెట్టేటప్పుడు అపశకునమని ఆమెను వెనక్కి నెట్టింది ఈ ఆడవాళ్ళే.

"మాసీ, నువ్వు తిప్పు," అంది లతిక.

"మొదటి పనికి నా చెయ్యా?"

శైలబాల నోరు తెరిచింది. లతిక ఆమె వైపు తిరిగింది. "గాజు తియ్యనా, మాసిని తిప్పనివ్వనా? ఒకటి చెప్పమ్మా."

శైలబాల పక్కకి జరిగి దారిచ్చింది. "తిప్పనీ. మెల్లిగా తిప్పవే క్షాంతా, పసిబిడ్డని పట్టుకున్నట్టు."

మాసి తిప్పింది, లతిక ఎగరేసింది. రెండు నిమిషాలు. నాలుగు. బ్యాటరీ అయిపోతోందని డ్రోన్ మొత్తుకునేదాకా గీత దాటలేదు.

లతిక దాన్ని దించి బాబు చేతిలో కలం పెట్టింది.

"ఆ ఏడు పేర్ల పక్కన రాసింది కొట్టెయ్యండి. వాళ్ళ చేతులకీ ఇలాంటి ఇనుప గాజులే. వాళ్ళకి మళ్ళీ పరీక్ష పెట్టండి, మాసి తిప్పుతుంది. తొమ్మిదో పేరు మాసిది రాసుకోండి. ఇనుప గాజు చేత్తో డ్రోన్ తిప్పొద్దని మీ పుస్తకం మొదటి పేజీలో బెంగాలీలో అచ్చెయ్యండి. ఏంటలా చూస్తారు? రాయండి!"