మా గుమ్మం ముందు గుడ్డు

ఉగాండా నుంచి వచ్చి నాలుగు నెలలైంది. ధవళేశ్వరంలో ఇప్పటికీ నన్ను అందరూ ఒకటే అడుగుతారు: "సింహాలు కనపడ్డాయాండీ?" రెండేళ్ళపాటు గులూ చుట్టుపక్కల బోర్లు వేయించాను. యుద్ధం ఆగి, శిబిరాల్లోని అచోలీ జనం సొంత ఊళ్ళకి తిరిగి వెళ్తున్న రోజులవి. ఆ ఊళ్ళలో నీళ్ళు లేవు. సింహాలూ లేవు. ఆ మాట చెప్తే వీళ్ళ మొహాలు చిన్నబోతాయి. ఇంక అక్కడి పాటల సంగతి ఎవరికి చెప్పను?

ఒచాన్ మా బోరు బండి మీద పనిచేసేవాడు. పని ఆగాక లుకేమే వాయించేవాడు. చిన్న చెక్కపెట్టె, దానిమీద వరసగా ఇనుప రేకులు. రెండు బొటనవేళ్ళతో మీటుతూ గొంతు తగ్గించి పాడుతుంటే శిబిరంలో ముసలమ్మలు కళ్ళు తుడుచుకునేవారు. అది ఏం పాటని ఓసారి అడిగాను.

"అడవిలో ఉన్నవాళ్ళని ఇంటికి రమ్మని పిలిచే పాట సార్. నన్ను మాత్రం ఎవరూ పిలవలేదు," అన్నాడు.

పన్నెండో ఏట అతన్ని తిరుగుబాటుదారులు ఎత్తుకుపోయారు. చేతికి కత్తి ఇచ్చి, సొంత పినతండ్రి కొడుకునే చంపించారు. ఐదేళ్ళకి తప్పించుకుని వచ్చాడు. అలా వచ్చినవాళ్ళకి అచోలీలు గుమ్మం ముందు పచ్చి కోడిగుడ్డు పెడతారు. దాన్ని తొక్కి లోపలికి వస్తే పాతదంతా అక్కడితో సరి. ఆ తరవాత దాని గురించి ఎవరూ నోరెత్తకూడదు. ఒచాన్‌కి గుడ్డు పెట్టడానికి పినతండ్రి ఒప్పుకోలేదు.

అతనికి కాకినాడలో పంపుసెట్ల కోర్సులో సీటు నేనే ఇప్పించాను. ఆదివారం భోజనానికి పిలిస్తే మా అమ్మ నాగేశ్వరి సణుగుతూనే ఒప్పుకుంది. "వాళ్ళేం తింటారో ఏంటో" అంటూనే పొద్దున్నే లేచి పులిహోర, పనసపొట్టు కూర చేసింది.

మా గేటు ముందు మూడు దారులు కలుస్తాయి. ముందురోజు అమావాస్య. పక్కింటి సూరమ్మగారు మనవడికి దిష్టి తీసి, కుంకం పెట్టిన గుడ్డు సరిగ్గా అక్కడే వదిలిపెట్టారు. పొద్దున్నుంచి వీధంతా దాన్ని తప్పుకుని నడుస్తోంది. నేనైనా తీయించాల్సింది. బద్ధకించాను.

ఒచాన్ ఆటో దిగి, గుడ్డు చూసి ఆగిపోయాడు. నావైపు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ అమ్మవైపు చూశాడు. బూట్లు విప్పాడు.

"ఒచాన్, ఆగు!" అన్నాను. అప్పటికే పాదం పడింది.

"మీకు గుర్తుంది సార్," అన్నాడు, కళ్ళనిండా నీళ్ళతో. "మీ అమ్మగారే పెట్టారా?"

"అయ్యో, తొక్కేశాడ్రా! దిష్టి గుడ్డు తొక్కేశాడు! ముందే చెప్పొద్దంట్రా నువ్వు?" అని అమ్మ కేకలు పెడుతూ బకెట్టుతో పసుపునీళ్ళు తెచ్చి అతని కాళ్ళమీద కుమ్మరించింది. తెలుగు రాని ఒచాన్ తల వంచి, రెండో పాదం కూడా భక్తిగా ముందుకు పెట్టాడు.

"అవును, అమ్మే పెట్టింది," అని ఒచాన్‌తో ఇంగ్లీషులో అన్నాను. ఏం చెప్పమంటారు?

"ఆ కాళ్ళతో లోపలికి వద్దు. అరుగుమీదే పెడతాను," అంది అమ్మ. నాకు ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోకి తీసుకెళ్ళి మొత్తం చెప్పేశాను. కత్తి సంగతీ, పినతండ్రి సంగతీ, గుడ్డు సంగతీ. వింటే కరుగుతుందనుకున్నాను.

"తమ్ముణ్ణి చంపాడా?"

"చంపించారమ్మా. పన్నెండేళ్ళ పిల్లాడు."

"చెయ్యి వీడిదేగా." అమ్మ తీసిన కంచం మళ్ళీ అలమారలో పెట్టేసి, అరిటాకు ముక్క నా చేతికిచ్చింది. "దిష్టయితే కడిగితే పోతుంది. ఇదెలా పోతుంది శరత్?"

అమ్మని ఏమనగలను? నోరెత్తకూడదని నాకు తెలుసు. గుడ్డు సొన ఆరకముందే నోరెత్తింది నేను. రెండేళ్ళు అక్కడ ఉండి నేర్చుకున్నది ఇదా అని నన్ను నేను తిట్టుకున్నాను.

ఒచాన్ అరుగుమీద కూర్చుని పులిహోర మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఈ ఇంట్లో తన పాత సంగతి ఇక ఎవరూ ఎత్తరు కాబట్టి ప్రతి ఆదివారం వస్తానన్నాడు. నేను తల ఊపాను. అమ్మ పేరేమిటని అడిగి, రెండుమూడుసార్లు అనుకుని, సంచిలోంచి లుకేమే తీశాడు.

కొత్త పాట. అందులో నాకు తెలిసినవి రెండే మాటలు. ఒకటి అమ్మ పేరు.

"నా పేరెందుకు ఎత్తుతున్నాడ్రా?" లోపలినుంచి అమ్మ.

"నిన్ను అమ్మా అంటున్నాడు."

అమ్మ రేపటి ఇడ్లీపిండికి గ్రైండర్ వేసింది. ఆ మోతలో పాట సగం మునిగిపోయింది.

అమ్మగారికి వినపడదేమోనని ఒచాన్ గొంతు పెంచాడు.