రద్దయ్యే బరువు

అన్నం వడ్డించేటప్పుడు ఊపిరి బిగబట్టుకోవడం నాకు అలవాటైపోయింది. వేడి అన్నం వాసన ముక్కుకు తగిలిందంటే ఇక ఆ పూటంతా దాని మీదే ధ్యాస. మా ఆయనకీ అత్తగారికీ కంచాలు నింపి, నా కంచంలో గుడ్డు తెల్లసొన, కాసిన్ని దోసకాయ ముక్కలు పెట్టుకుని కూర్చుంటాను. "కూరలో ఉప్పు తగ్గింది," అన్నారు ఒకరోజు మా ఆయన. ఉప్పు ఒంట్లో నీళ్ళు పట్టి ఉంచుతుందని, నాలిక మీద కూడా వేసుకోవద్దని నాకు చెప్పింది ఆయనే. రుచి చూడకుండా వండేదానికి ఉప్పు సంగతి ఎలా తెలుస్తుంది? లేచి ఉప్పుడబ్బా తెచ్చి ఆయన చేతికి అందేలా పెట్టాను.

నేను బాక్సర్ని. ఆయన నాకు కోచ్, ఆ తర్వాత మొగుడు. జిమ్ములో "సార్" అంటాను, ఇంట్లో "ఏవండీ" అంటాను. పెళ్ళయిన కొత్తలో ఒకసారి తడబడి వంటింట్లోంచి "సార్, కాఫీ" అని కేకేస్తే ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావడం లేదు, ఎక్కడ ఎలా పిలిచినా పలికేది ఆ సారే. పొద్దున్నే ఒకే జిమ్ము నుంచి ఒకే స్కూటర్ మీద ఇంటికొస్తాం. ఆయన అలసిపోయి వస్తారు, నేను వంటకి వస్తాను. కుక్కర్ పెట్టి, ఆయన చెమట బనీన్లూ నా చేతికి చుట్టుకునే పట్టీలూ కలిపి నానబెట్టి, అత్తగారికి మోకాలి నొప్పి మందు రాసి అప్పుడు స్నానానికి వెళ్తాను. "ఆడదానివై ఉండి ఇంత దూరం వచ్చావంటే ఎవరి చలవ?" అంటారు మా ఆయన అప్పుడప్పుడు. ఆయన చలవే, కాదనను. కానీ ఆ మాట వినీ వినీ చెవులు వాచాయి.

ఈమధ్య మా ప్రొఫెషనల్ బాక్సింగ్ సంఘంలో బరువు కేటగిరీలు తగ్గించాలన్న మాట బయల్దేరింది. ఆ మాట అందరికంటే గట్టిగా చెబుతున్నది మా ఆయనే. టీవీలో కూడా చెప్పారు. "రెండు మూడు కిలోలకో కేటగిరీ ఏంటండీ? వీధికో చాంపియన్. ఎవరి బెల్టు ఏదో వాళ్ళింట్లో వాళ్ళకే గుర్తుండదు. సగం తీసెయ్యండి, అప్పుడు మంచోళ్ళు మంచోళ్ళతో తలపడక చస్తారా?" నిజమే అనిపించింది నాకు. గట్టి మనిషి ఎదురొస్తుందనగానే పక్క కేటగిరీలోకి జారుకున్నవాళ్ళు నాకూ తెలుసు. ఉతికిన బట్టలు మడతపెడుతూ టీవీ చూస్తున్నాను, తల కూడా ఊపాను. యాంకరమ్మ అడిగింది, "మరి తీసేసే వాటిలో మీ ఇంటావిడ కేటగిరీ కూడా ఉందట కదా?" ఆయన నవ్వారు. "ఏముందండీ, మూడు కిలోలు. మా ఆవిడ కిందికి దిగుతుంది." చేతిలో ఆయన చొక్కా అలాగే ఉండిపోయింది. మూడు కిలోలు ఎక్కడి నుంచి తీస్తారు? నా ఒంట్లో ఇక తీయడానికి ఏముందో ఆయనకు తెలియదా? నన్ను ఒక్క మాట అడగాలని ఎందుకు తోచలేదు? రాత్రికి ఏం కూర వండమంటారో రోజూ అడుగుతానే నేను.

మర్నాటి నుంచే మొదలైంది. కింది కేటగిరీలో టైటిల్ ఫైటుకు ఆయన అప్పటికే ఒప్పేసుకున్నారు. చెమట కారి బరువు తగ్గాలని ప్లాస్టిక్ సూటు తొడుక్కుని పరిగెత్తడం, దాహమేస్తే నోరు పుక్కిలించి ఉమ్మేయడం. మెట్లెక్కుతుంటే కళ్ళు బైర్లు కమ్మేవి. తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టే. ఆ నెల నాకు ముట్టు రాలేదు. తర్వాతి నెలా రాలేదు. ఇలాంటివి అత్తగార్ల కళ్ళు కప్పడం ఎవరి తరం? మా అత్తగారు నాతో ఒక్క మాటైనా అనకుండా కోడలు నెల తప్పిందని పక్కింటావిడకి చెప్పేశారు, ఆవిడ వీధంతా చెప్పింది. నా చేతిలో చీపురు లాక్కుని "వంగకమ్మా" అన్నారు అత్తగారు. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నా చేతిలోంచి చీపురు తీసుకున్న మొదటి మనిషి ఆవిడే. కాదేమో అని చెప్పాలనుకుని కూడా, డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా రెండు రోజులూ నోరు మెదపలేదు. ఎవరో వండిపెడితే కూర్చుని తినడం ఇంత బాగుంటుందా అనుకున్నాను.

డాక్టరమ్మ దగ్గరకి ముగ్గురం వెళ్ళాం. ఆవిడ పరీక్ష చేసి, "కడుపూ లేదు, ఏమీ లేదు. ఒంట్లో కొవ్వన్నది లేక లోపల దుకాణం మూసేసింది. ఇలాగే సాగితే ఎముకలు గుల్లబారతాయి, పిల్లలు కావాలన్నప్పుడు పుట్టరు," అంది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన "హమ్మయ్య, ఫైటు ఆగక్కర్లేదు," అన్నారు. పాపం, చెడ్డ ఉద్దేశంతో అనలేదు, నోరు జారింది. నా లోపల ఏదో తెగింది మాత్రం అక్కడే. బయటికొచ్చాక నా భుజం తట్టి, "ఈ ఒక్క ఫైటు అయిపోనీ, తర్వాత చూద్దాం," అన్నారు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ నేను వింటున్నది ఆ ఒక్క ఫైటు గురించే.

ఆదివారం మధ్యాహ్నం సంఘం పెద్దలు నలుగురు మా ఇంటికి భోజనానికి వచ్చారు. కేటగిరీల సంగతి అక్కడే తేల్చేద్దామని మా ఆయన పిలిచారు. వంట నేనే చేశాను. నలుగురికీ బొజ్జలు బల్లకు ఆనుతున్నాయి. మారు వడ్డించుకుంటూ ఎవరు ఎన్ని కిలోలుండాలో మాట్లాడుకున్నారు. "మూడు కిలోలంటే ఏముందండీ, ఒక పూట పస్తుంటే పోతుంది," అన్నాడు కోశాధికారి, పెరుగు కలుపుకుంటూ. గిన్నె పట్టుకుని నిలబడ్డ నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

అధ్యక్షుడు కాస్త పెద్దాయన. తలెత్తి, "ఏమ్మా, నువ్వేమంటావు? తగ్గగలవా?" అని అడిగాడు.

"తగ్గుతుందండీ, దానిదేముంది," అన్నారు మా ఆయన.

"అమ్మాయిని అడిగానయ్యా."

గిన్నె బల్ల మీద పెట్టాను. "కేటగిరీలు తగ్గిస్తే మధ్యలో సందు పెరుగుతుందండీ. ఆ సందును ఎవరో ఒకరు కడుపు మాడ్చుకుని పూడ్చాలి. మీరెవరూ పూడ్చరు, మేమే పూడ్చాలి. ఉంచితే ఉంచండి, తీసేస్తే తీసేయండి. తీసేసినా నేను కిందికి దిగను. పైకి వెళ్తాను."

ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఒక కంచం ముందుకు జరుపుకుని అన్నం పెట్టుకున్నాను, కూర వేసుకున్నాను. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు ఏమంటారో అనుకున్నాను. ఆవిడ లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టారు.

మా ఆయన ముఖం కందిపోయింది. పదిమందిలో ఎప్పుడూ కోప్పడరు, గొంతు తగ్గిస్తారు. "మతిగాని పోయిందా నీకు? పై కేటగిరీలో ఉన్నదెవరో తెలుసా?"

తెలుసు. ఆవిణ్ణి అందరం నిచ్చెన అంటాం. నాకంటే మూరెడు పొడుగు. ప్రాక్టీసులో ఒకసారి తగిలిన దెబ్బకు వారం పాటు నా దవడ తెరుచుకోలేదు. ఆవిడంటే నాకు భయమే, లేదని ఎందుకు చెప్పాలి.

"ఆవిడ నిన్ను కొట్టి చంపుతుందే," అన్నారు.

ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి చెప్పాను.

"కొట్టనివ్వండి. గంట మోగితే ఆవిడ ఆపేస్తుంది."