పనికొచ్చే పక్షులు

వదిన కిటికీ మీద రెండుసార్లు తట్టిందంటే కోడి గూట్లోకి దూరిందని అర్థం. టైలరమ్మ చేతిలో పని అక్కడే వదిలేసి, బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ దగ్గరికి పరుగెత్తేది. ఆ పాత మిషన్ మోటారు తిరిగితే గోడలు అదురుతాయి. కుట్టాల్సిన బట్ట ఉన్నా లేకపోయినా, ఏదో ఒక గుడ్డ పీలిక సూది కింద పెట్టి దడదడలాడించేది. గుడ్డు పెట్టిన కోడి ఊరుకోదు కదా, లోకమంతా వినాలన్నట్టు అరుస్తుంది. ఆ అరుపు సద్దుమణిగేదాకా మిషన్ ఆగకూడదు. వీధిలో వాళ్ళు మాత్రం పాపం ఆవిడకి ఊపిరి తీసుకునే తీరిక కూడా లేదని జాలిపడేవాళ్ళు.

ఉన్నవి నాలుగే కోళ్ళు. ఒకప్పుడు వదినకి నలభై ఉండేవి. రోడ్డు వెడల్పు చెయ్యాలని ఆవిడ ఇల్లూ, వెనక కోళ్ళ దొడ్డీ ఒక్క పూటలో పడగొట్టేశారు. మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. తమ్ముడు, అంటే టైలరమ్మ మొగుడు, వెళ్ళి మా ఇంటికి వచ్చెయ్ అక్కా అంటే ఆవిడ ఒక్కటే మాటంది.

"నేనొక్కదాన్నీ రాను. ఇవెక్కడుంటే నేనక్కడుంటా."

అలా ఒక ట్రంకుపెట్టె, ఒక బుట్ట, బుట్టలో మిగిలిన నాలుగు కోళ్ళతో వదిన వచ్చి దిగింది. నెల తిరక్కుండానే టైలరమ్మకి ఒక సంగతి తెలిసిపోయింది. పెళ్ళయిన పదహారేళ్ళలో తను అలసిపోయిందని మొహం చూసి కనిపెట్టి, "ముందు తిను, తర్వాత కుట్టుకుందువుగాని" అని కంచం ముందుకు తోసిన మనిషి ఈవిడ ఒక్కతే. ఈవిడ వెళ్ళిపోతే తను మళ్ళీ ఆ మిషన్‌కి ఇంకో భాగంలా బతకాలి. కాబట్టి కోళ్ళు ఉండి తీరాలి. లెక్క అంతే.

కాలనీలో ముప్పై ఇళ్ళు, నలభై ఒక్క నిబంధనలు. ఆరేసిన బట్ట వీధిలోకి కనపడకూడదు. గేటుకి బూడిదరంగు తప్ప మరో రంగు వెయ్యకూడదు. కోళ్ళు పెంచకూడదు. ఆ నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగే పెద్దమనిషి కాలనీ సెక్రటరీ. ఆయనగారి కుక్క తెల్లారకముందే మొదలుపెట్టి పొద్దుగూకేదాకా మొరుగుతూనే ఉంటుంది. దానికి పర్మిషన్ ఉంది మరి. పేపర్లున్న గొంతుని ఎవరేమంటారు!

వదినా మరదళ్ళు గుట్టుగానే నడిపారు. పాత బీరువాని గూడుగా మార్చారు. కర్టెన్లు కుట్టగా మిగిలిన మందపాటి నల్లగుడ్డతో టైలరమ్మ దానికో ముసుగు కుట్టింది. కోడికి చీకటి పడితే లోకం పడుకున్నట్టే, కిమ్మనదు. ముసుగు తీసేదాకా వాటికి తెల్లారదు. వదిన రోజుకి రెండుసార్లు ఊడ్చి కడిగేది, పెరట్లో నిలబడి ముక్కు ఎగబీల్చినా వాసన తగిలేది కాదు. రోజుకి రెండో మూడో గుడ్లు. వాటిని ఏడిళ్ళకి వంతుల ప్రకారం పంచేవాళ్ళు, "వదిన వాళ్ళ ఊరినించి వచ్చాయి" అని. అందరికీ అర్థమయ్యేది, ఎవరూ అడిగేవాళ్ళు కారు. సెక్రటరీ భార్య అయితే వెనక సందులోంచి స్వయంగా గిన్నె పట్టుకుని వచ్చేది. వస్తూ వస్తూ కోళ్ళకి కూరగాయల తొక్కులు కూడా తెచ్చేది.

పక్కనే ఉన్న మూల ఇంట్లోకి పళ్ళ డాక్టరు కొత్తగా దిగాడు. ఎనిమిదో ఇంటికి గుడ్లు ఎక్కడ సరిపోతాయని వదిన ఆయన్ని వంతులోకి చేర్చలేదు. ఒకరోజు పదకొండింటికి కిటికీ మీద రెండు దెబ్బలు పడ్డాయి, టైలరమ్మ మిషన్ ఆన్ చేసింది, సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మిషన్ ఆగింది గాని కోడి ఆగలేదు. పళ్ళ డాక్టరు గోడ మీద నుంచి తొంగిచూశాడు. సాయంత్రానికల్లా కాలనీ వాట్సాప్ గ్రూపులో నోటీసు పడింది: ఆదివారం పదింటికి తనిఖీ.

ఆదివారం పొద్దున్నే బీరువాలో పాత బకెట్లు, చీపుర్లు సర్దారు. నాలుగు కోళ్ళనీ బుట్టలో పెట్టి, నల్ల ముసుగు కప్పి, ముందుగదిలో బట్టలు తొడిగి చూసుకునే మూలన, తెర వెనక దాచారు. లిఫ్టు మెకానిక్కయిన మొగుడు డ్యూటీ ఉందని తప్పించుకోబోతే టైలరమ్మ చొక్కా పట్టుకుని ఆపింది.

"మీ అక్కే కదా? కాసేపు మగాడిలా నిలబడండి చాలు."

సెక్రటరీ వచ్చాడు. పెరడంతా తిరిగాడు. బకెట్లు కదిపి చూశాడు, వంగి నేల వాసన చూశాడు. ఏమీ లేదు. ముందుగదిలోకొచ్చి కుర్చీలో కూర్చుని హాయిగా నవ్వాడు.

"నేను ముందే చెప్పానండీ, ఆ డాక్టరుకి అనుమానం ఎక్కువని. కోళ్ళూ లేవు, గీళ్ళూ లేవు."

టైలరమ్మ గుండె మీద నుంచి బండ దిగింది. లేచి వెళ్ళిపోతే అయిపోయేది. కానీ ఆయనకి తన తెలివి కూడా చూపించుకోవాలనిపించింది.

"మా ఇంటికి ఊరిగుడ్లని ఇస్తున్నారు కదా, మా ఆవిడకి అప్పుడే చెప్పాను. అవి షాపు గుడ్లేనని. టీ డికాక్షన్‌లో ముంచితే ఆ రంగు వస్తుంది. పర్లేదు లెండి, మేమేం పట్టించుకోలేదు."

వదిన గుమ్మం దగ్గర నిలబడి ఉంది. టైలరమ్మ ఆవిడ మొహం చూసి, వద్దని కళ్ళతో బతిమాలింది. మొగుడు "అక్కా" అని గొణిగాడు. వదిన ఎవరినీ చూడలేదు. నాలుగంగల్లో తెర దగ్గరికి వెళ్ళి సర్రున లాగింది. ముసుగు తీసి, బుట్టలోంచి గోధుమరంగు పెట్టని ఎత్తి, తెచ్చి సెక్రటరీ ఒళ్ళో పెట్టింది. దాని వెనకే బుట్టలో దొరికిన గుడ్డు తీసి ఆయన అరచేతిలో కుక్కింది.

"పట్టుకో. వెచ్చగా ఉందా లేదా? చెప్పు! ముప్పై ఏళ్ళు కోళ్ళు పెంచాను, ఒక్క మురిగిన గుడ్డు ఒకరి చేతిలో పెట్టలేదు. నేను టీ నీళ్ళలో ముంచుతానా? ఏ షాపుదో చెప్పి మరీ లే ఇక్కణ్ణించి!"

వెలుతురు చూసిన పెట్ట తెల్లారిందనుకుని గొంతెత్తింది. మిగతా మూడూ వంతపాడాయి. పుస్తకం కింద పడిపోయి, సెక్రటరీ తెల్లమొహం వేసుకుని కూర్చున్నాడు. చేతిలో గుడ్డు మాత్రం జారవిడవలేదు.

మర్నాడే మీటింగు పెట్టారు. టైలరమ్మ ఎప్పుడూ అలాంటి చోట నోరు విప్పి ఎరగదు. ఆవేళ లేచి నిలబడింది.

"కుక్క ఉండొచ్చు, పంజరంలో చిలక ఉండొచ్చు. ఇంతకాలం మా కోళ్ళ గొంతు వినపడిందా మీకెవరికైనా? మరి కోడేం పాపం చేసిందండీ?"

సెక్రటరీ పుస్తకం తెరిచి వేలు పెట్టి చదివాడు. "పద్నాలుగో నిబంధన. ముద్దు కోసం, అలంకారం కోసం పెంచేవాటికి అభ్యంతరం లేదు. ఉపయోగం కోసం పెంచే జంతువులు, పక్షులు కాలనీలో ఉండరాదు. మీ కోడి గుడ్డు పెడుతుంది కదమ్మా?"

"అంటే పనికిరానిదైతే ఉండొచ్చా?"

"రూలు రూలే."

ఆ మాటకి ఒళ్ళు మండిపోదా! ఏమీ చెయ్యకుండా తిని పడుకునేదానికి చోటుందట, పదిమందికి పెట్టేదానికి లేదట. కోళ్ళని పంపెయ్యాలన్నవాళ్ళు చేతులెత్తమన్నారు. టైలరమ్మ ఒక్కొక్క చెయ్యీ చూసింది. ఆ గుడ్లు తిన్న ఏడిళ్ళ చేతులూ లేచాయి. సెక్రటరీ చెయ్యెత్తితే ఆయన భార్య ఫోను చూసుకుంటూ కూర్చుంది. టైలరమ్మ సొంత మొగుడు చెయ్యి ఎత్తలేదు, నోరూ ఎత్తలేదు, నీళ్ళు నములుతూ చెప్పుల వంక చూసుకున్నాడు. వారం గడువిచ్చారు.

ఇంటికొచ్చాక టైలరమ్మకి కోపం ఎవరిమీద చూపించాలో తెలియక వదిన మీదే విరుచుకుపడింది.

"ఒక్క మాట, ఒక్క మాట మింగి ఊరుకుంటే పోయేది కదా వదినా! వాడు లేచి వెళ్ళిపోయేవాడు!"

వదిన దాణా గింజలు ఏరుతూ తలెత్తలేదు. "ఇల్లు కూలగొట్టారు, మింగాను. దొడ్డి పోయింది, మింగాను. ఇదొక్కటీ గొంతు దిగలేదే పిచ్చిదానా."

టైలరమ్మ వదిన పక్కన కూలబడి తనూ గింజలు ఏరింది.

ఆరో రోజున, వదిన దాణా తెచ్చుకునే కొట్టాయన తన గోడౌను వెనక రేకుల షెడ్డు ఇస్తానన్నాడు. బస్తాలకి కాపలా ఉంటే చాలు, కోళ్ళు కూడా ఉండొచ్చన్నాడు. వదిన ట్రంకుపెట్టె సర్దుకుంది. ఈ వయసులో రేకుల కింద ఎలా ఉంటావని టైలరమ్మ ఏడిస్తే, ఆవిడ కొంగుతో మరదలి మొహం తుడిచింది. "వేళకి తిను" అంది. తమ్ముడు పెట్టె ఆటోలో పెట్టి, అక్క కాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు.

మంగళవారం వెనక తలుపు చప్పుడైంది. సెక్రటరీ భార్య, చేతిలో ఖాళీ గిన్నె.

"ఎంత పని జరిగిందండీ! నాకైతే రెండ్రోజులు అన్నం సయించలేదు. మావారు పైకి అలా కనిపిస్తారు గాని, షాపు గుడ్లు నోట్లో పెట్టడం లేదు. మీ వదినగారు ఎక్కడున్నారో అడ్రసు చెప్తే డ్రైవర్ని పంపించుకుంటాను. అన్నట్టు నా గౌను ఎల్లుండికి కావాలి, మర్చిపోకండి."

టైలరమ్మ లోపలికెళ్ళింది. బల్ల మీద కత్తిరించి పెట్టిన గౌను ముక్కలు ఉన్నాయి, ఇంకా కుట్టు పడలేదు. ముందుభాగం, వెనకభాగం, రెండు చేతులు, అన్నీ మడిచి తెచ్చి ఆవిడ గిన్నెలో పెట్టింది.

"ఇదేంటండీ?"

"పనికొచ్చేవి ఈ కాలనీలో ఉండకూడదట కదండీ. కుట్టు కూడా పనికొచ్చేదే. ఎందుకొచ్చిన గొడవ, రూలు రూలే."

"అయ్యో, అదేం మాటండీ! పోనీ ఆ అడ్రసైనా..."

టైలరమ్మ తలుపు వేసి గడియ పెట్టింది. బయట ఆవిడ ఇంకా పిలుస్తూనే ఉంది. టైలరమ్మ అడ్రసు చెప్పలేదు.