కుళాయి కింద గిన్నె

పొద్దున పనికి బయల్దేరే ముందు ప్లంబరు భార్య మూడు పనులు తప్పకుండా చేసేది. గ్యాసు కట్టేసేది, కిటికీ మూసేది, వంటింటి కుళాయి కింద స్టీలు గిన్నె పెట్టేది. సాయంత్రం వచ్చాక గిన్నెలో నీళ్లు చూసి, ఆ రోజు ఇంట్లో ఏపాటి అబద్ధాలు నడిచాయో అంచనా వేసుకునేది. ఆ కుళాయి అబద్ధం వింటే కారుతుంది. చిన్నదానికి చుక్క, పెద్దదానికి ధార. ఇల్లు అమ్మేటప్పుడే పాత యజమాని ఆ సంగతి చెప్పాడు, వానాకాలంలో మెట్లు జారతాయి చూసుకోండి అన్నంత మామూలుగా.

ఊళ్లో సగం కుళాయిల నోరు మూయించిన మనిషికి సొంత వంటింటి కుళాయి లొంగకపోవడం ఇరుగుపొరుగుకి మంచి కాలక్షేపం. అతను పద్నాలుగు వాషర్లు మార్చాడు. రెండుసార్లు కుళాయినే మార్చాడు. కొత్తది ఇంకా చురుగ్గా కారింది. చివరికి భార్యాభర్తలు ఒక ఒప్పందానికొచ్చారు. కారిన చుక్కని ఎవరూ ఎత్తిచూపకూడదు, విన్నా విననట్టే ఉండాలి. ఆ ఒక్క నియమం మీద ముప్పై ఏళ్ల కాపురం సాఫీగా నడిచిపోయింది.

అరవై దాటినవాళ్లందరికీ పంపినట్టే ఆరోగ్యశాఖ వాళ్లు వాళ్లిద్దరికీ చెరో చిన్న డబ్బా పంపారు. పుల్లతో కాస్త మలం తీసి, సీసాలో పెట్టి, పోస్టులో వెయ్యాలి. "ముప్పై ఏళ్లుగా ఊరందరిదీ నేను చూస్తున్నా, ఇప్పుడు నాది చూడ్డానికి ఇంకొకడా!" అని అతను నవ్వాడు గాని, భార్య పోరు పడలేక పంపాడు. ఆమెకి ఏమీ లేదని ఉత్తరం వచ్చింది. ఆ వారమే అతనికీ వచ్చింది. నమూనాలో రక్తం కనిపించిందనీ, అంతమాత్రాన క్యాన్సరని కాదనీ, మంగళవారం పదింటికి నర్సు ఫోన్ చేసి వివరాలు అడుగుతుందనీ అందులో ఉంది. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి, పనిముట్ల పెట్టెలో పైపు పానా కింద దాచాడు.

"మీది వచ్చిందా?" అని భార్య అడిగింది.

"ఇంకా లేదు."

టప్.

"పోస్టువాళ్లకి ఈమధ్య మరీ బద్ధకం పెరిగింది."

టప్, టప్.

ఆమె గిన్నె తీసేసి తపేలా పెట్టింది.

మంగళవారం పొద్దున ఆమె బయల్దేరలేదు. "తలనొప్పిగా ఉంది, ఇవాళ వెళ్లను" అంది. టప్. ఒప్పందం ఇద్దరికీ ఒకటే కాబట్టి అతను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఆమె పక్కగదిలోకి వెళ్లి పడుకున్నాక, పనితెలిసినవాడు చేసే పనే చేశాడు. డాబా ఎక్కి ట్యాంకు దగ్గర వాల్వు కట్టేశాడు. కిందికొచ్చి గొట్టాల్లో మిగిలిన నీళ్లన్నీ వదిలేశాడు. ఆ ఇంట్లో సిగ్నలు వంటింటి కిటికీ దగ్గర తప్ప అందదు. వీధిలో మాట్లాడితే పక్కింటివాళ్లు వింటారు. నీళ్లే లేని గొట్టానికి భయమెందుకని వంటింట్లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

జవాబులన్నీ బాగుంటే ఇంకో పరీక్ష అక్కర్లేదంటారని అతని లెక్క.

సరిగ్గా పదింటికి నర్సు ఫోన్ చేసింది. గొంతులో తొందర లేదు.

"ఈమధ్య మలంలో రక్తం ఏమైనా కనిపించిందా అండీ?"

"లేదమ్మా."

టప్. అతను తలెత్తి చూశాడు. వాల్వు కట్టేశాడు, గొట్టం ఎండిపోయింది. అయినా కుళాయి అంచున ఇంకో చుక్క ఊరుతోంది.

"బరువు తగ్గారా?"

బెల్టుకి మేకుతో పొడుచుకున్న రెండు కొత్త రంధ్రాల మీద చెయ్యి వేసుకుని, "అబ్బే" అన్నాడు. టప్, టప్, టప్.

"మీ ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సరు వచ్చిందా?"

"మా వంశంలోనే లేదు."

కుళాయి ధార కట్టింది. తపేలాలో పడ్డ చప్పుడు ఫోన్లోకీ వెళ్లినట్టుంది.

"కుళాయి కారుతున్నట్టుందండీ. ప్లంబర్ని పిలిపించుకోకపోయారా?"

"నేనే ప్లంబర్నమ్మా."

నర్సు కాసేపు ఆ ధార వింది. "మా అమ్మమ్మ వాళ్లింట్లో ఇలాంటిదే ఒక తలుపు ఉండేది, అబద్ధమాడితే కిర్రుమనేది" అంది. "సరే, మళ్లీ మొదట్నుంచి అడుగుతాను. ఈసారి నిదానంగా చెప్పండి."

ఆమె మొదట్నుంచి అడిగింది. రక్తం మూడు నెలలుగా పడుతోందని అతను చెప్పాడు. ధార సన్నబడింది. బెల్టు సంగతి చెప్పాడు. చుక్కలయింది. మూడో ప్రశ్నకి, కూర్చున్న కుర్చీ అంచు తడుముకున్నాడు.

"మా అన్నయ్య" అన్నాడు చివరికి. "మూడేళ్ల కిందట ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. మనిషి సగమైపోయాడు, ఏమైందన్నయ్యా అంటే, మొలల్రా, బాగానే ఉన్నాను అన్నాడు. కుళాయి ఇప్పటిలాగే ధార కట్టింది. మా వదిన కూడా ఇక్కడే ఉంది. నాకు వినిపించిందమ్మా. అయినా అడగలేదు. లేచి వాషరు మార్చాను. తర్వాత ఆర్నెల్లే బతికాడు."

కుళాయి ఆగిపోయింది.

"అప్పుడాయన వయసెంత?" నర్సు నెమ్మదిగా అడిగింది.

"అరవై రెండు."

"మీది?"

"అరవై ఒకటి."

ఆమె రాసుకుంది. రక్తం కనిపించిన వాళ్లలో చాలామందికి క్యాన్సరుండదని చెప్పింది. అతను కుళాయి వంక చూశాడు. అది కదల్లేదు. పేగు శుభ్రపడ్డానికి ముందురోజు మందు తాగాలనీ, సన్నటి గొట్టంతో కెమెరా పంపి చూస్తారనీ, బుడిపెలుంటే అప్పుడే తీసేస్తారనీ వివరించింది.

"తెలుసమ్మా. నేనూ డ్రైనేజీల్లోకి కెమెరా పెట్టే చూస్తాను. చూడకుండా గోడ పగలగొట్టొద్దు, చూస్తే సగం పని అయినట్టేనని అందరికీ చెబుతుంటాను."

"అయితే గురువారం వస్తారా?"

"వస్తాను."

ఇద్దరూ ఆగారు, అటు నర్సు, ఇటు అతను. చప్పుడు లేదు.

ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే గుమ్మంలో భార్య నిలబడి ఉంది. అతను అడ్డంగా దొరికిపోయాడు. ఆమె ముప్పై ఏళ్లలో మొదటిసారి ఒప్పందం పక్కన పెట్టింది.

"పది రోజుల్నించి తపేలా నిండుతోంది. పానా కింద ఉత్తరం చూసి కూడా నోరు మూసుకుని మొక్కలకి పోస్తున్నాను. మీ అన్నయ్యలాగే మీరూ వెళ్లిపోతారేమోనని నాకు నిద్ర లేదు, తెలుసా?"

"ఇప్పుడు చెప్పేశానుగా. నాకేం భయం లేదులే."

టప్.

"నాకు మాత్రం ఏం భయం?" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. కుళాయి బుస్సుమని, తపేలా పొర్లి గట్టంతా తడిసింది. ఇద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది.

గురువారం కెమెరాలో రెండు బుడిపెలు దొరికాయి. అక్కడికక్కడే తీసేశారు. వదిలేస్తే ఏదో ఒకనాడు క్యాన్సరుగా మారే రకమేననీ, ఇప్పుడు పూర్తిగా వచ్చేశాయనీ, మూడేళ్లకి మళ్లీ చూస్తామనీ డాక్టరు చెప్పాడు. ఆ ఉత్తరాన్ని అతను పనిముట్ల పెట్టెలో దాచలేదు, ఫ్రిజ్ మీద అంటించాడు.

ఆదివారం వదిన వచ్చింది. అన్న పోయాక ఆమె ఆ వంటింట్లో అడుగు పెట్టడం అదే మొదలు. కూర్చోమంటే కూర్చోలేదు. టీ వద్దంది. ఉత్తరం చూపిస్తే అటు చూడలేదు.

"కాగితాలు నాకెందుకు నాయనా, నువ్వు చెప్పు. ఎలా ఉన్నావు?"

అతను ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు.

"బాగానే ఉన్నాను వదినా."

ఆమె అతని మొహం చూడలేదు, కుళాయిని చూసింది. ట్యాంకు నిండుగా ఉంది, వాల్వు తెరిచే ఉంది. గోడగడియారం చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. వదిన గట్టు దగ్గరికి వెళ్లి, గిన్నె అడుగున వేలు పెట్టి తడిమింది. పొడిగా ఉంది.

అప్పుడు వచ్చి, ఆనాడు తన భర్త కూర్చున్న కుర్చీలో కూర్చుంది.

"కాస్త టీ పెట్టమ్మా" అంది తోడికోడలితో.