మంగళ, గురువారాల సీటు

నేను డ్వేన్ పనిబట్టలు మడతపెడుతుంటే కాలేజీ నుంచి మెసేజ్ వచ్చింది. సాయంత్రం నడిచే శరీరశాస్త్రం క్లాసు రద్దు. ఈ ఏడు మా కమ్యూనిటీ కాలేజీకిచ్చే నిధుల్లో ప్రభుత్వం కోత పెట్టిందట. ఆ ఒక్క సబ్జెక్టూ ఈ టర్ములో పూర్తిచేయకపోతే, రెండేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న నా నర్సింగ్ సీటు పోతుంది. చొక్కా చేతిలోనే ఉండిపోయింది.

"పోనీలే లోరీన్. సాయంత్రం పూట మాకింత వేడి భోజనమైనా దొరుకుతుంది," అన్నాడు నా భర్త డ్వేన్, బన్నుల్లాంటి వేడి బిస్కెట్ల మీద మాంసం గ్రేవీ పోసుకుంటూ.

"నలభై రెండేళ్లొచ్చాక పుస్తకాల సంచీ ఏమిటని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా," అంది అత్తగారు విల్మా.

మూడేళ్లుగా ఆవిణ్ణి వారానికి మూడుసార్లు, మంగళ, గురు, శనివారాలు పొద్దున్నే డయాలసిస్‌కి తీసుకెళ్తున్నది నేనే. అక్కడి కుర్చీలో కూర్చునే ఎముకల పేర్లు బట్టీపట్టాను. రక్తం తిరిగే ఆ గొట్టాలను చూస్తూ నేనడిగే ప్రశ్నలు విని, "నువ్వుండాల్సింది ఇటువైపు," అంది ఒక నర్సు. ఆ మాటను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని భయం.

పదింటికల్లా కొండదారి దిగి కాలేజీకి వెళ్లాను. విద్యార్థులకు సలహాలిచ్చే కౌన్సెలర్ మిసెస్ టకెట్ గదినిండా అట్టపెట్టెలు.

"మిమ్మల్ని కూడా తీసేశారా?"

"శుక్రవారం దాకానే. కూర్చో తల్లీ, నేనున్నప్పుడే నీ పని చూద్దాం."

కంప్యూటర్లో చాలాసేపు వెతికింది. "నది అవతలి క్యాంపస్‌లో ఒక్క సీటుంది. మంగళ, గురువారాలు, పొద్దున ఎనిమిదింటికి. ఆ సీటు ఇవాళ మధ్యాహ్నం దాకా మిగులుతుందని మాత్రం చెప్పలేను."

మంగళ, గురువారాలు. డయాలసిస్ రోజులు. డ్వేన్‌కి ఫోన్ చేశాను.

"అమ్మ సంగతి గుర్తుందా అసలు నీకు?"

"నువ్వు షిఫ్టు మార్చుకోవచ్చుగా. జింకల వేటకి మార్చుకున్నావు."

"అది వేరు. ఆసుపత్రి పనులు నాకేం తెలుస్తాయి?"

"ఏమీ తెలియక్కర్లేదు డ్వేన్. నాలుగు గంటలు కూర్చుంటే చాలు."

"ఇంటికి రా, మాట్లాడుకుందాం," అన్నాడు.

పదిహేడేళ్ల కాపురంలో ఆ మాట అన్న తర్వాత మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. వంట చేశాను, గిన్నెలు కడిగాను, అంతే. ఇప్పుడు ఇంటికెళ్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. వెళ్లేసరికి ఆ సీటు ఉండదు. ఒకవేళ ఆయన ఒప్పుకోకపోతే? అత్తగారికి ఏమైనా అయితే? ఊరంతా నన్నే అంటుంది.

"పేరు రాసెయ్యండి," అన్నాను.

మిసెస్ టకెట్ కళ్లజోడు పైనుంచి చూసింది. "మరి మీ అత్తగారు?"

బల్లమీది పెన్ను అందుకున్నాను.

"ఆవిడకి కొడుకున్నాడండీ."